ముక్కూ మొహం తెలియనివాళ్ళు చేసిన మేలుకి బదులు ఏం ఇవ్వగలం?

మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఉత్తర అల్బేనియా కొండల్లో ఒంటరిగా తిరుగుతున్నారు, ఆఖరి మినీబస్సు వెళ్ళిపోయింది, చీకటి పడుతోంది. రోడ్డు పక్కన నిలబడ్డ మిమ్మల్ని చూసి ఒక పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళారు. ఇంటావిడ భోజనం పెట్టి, కూతురి గదిలో పడుకోబెట్టింది. పొద్దున్నే ఆయనే మెయిన్ రోడ్డు దాకా తీసుకొచ్చి బస్సెక్కించారు. మీరు పర్సు తీయగానే ఆయన మొహం చిన్నబోయింది. ఇంటికొచ్చి నెలలు గడిచినా ఎవరిదో అప్పు ఎగ్గొట్టినట్టు ఉందని, ఆయన ఫోన్ నంబరు కూడా లేదని, ఇప్పుడేం చేయాలో తోచడం లేదని అడిగారు.

ముందు ఆ అప్పు లెక్క పక్కన పెట్టండి. తిరిగి ఏదో వస్తుందని ఆయన మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళలేదు, కాబట్టి మీరు ఏం పంపినా, ఎంత పంపినా అది తీరడమంటూ ఉండదు, ఆ లెక్కలోకి దిగితే జన్మలో తేలదు. నన్నడిగితే ఆయన దగ్గర నిజంగా లేనిది ఒక్కటే. మీరు బస్సెక్కాక ఏమైందో ఆయనకి తెలియదు. క్షేమంగా చేరారా, మీ ఇంట్లోవాళ్ళు విని ఏమన్నారు, అంత భయపడిన అమ్మాయి మళ్ళీ ఒంటరిగా ఎక్కడికైనా బయల్దేరుతుందా. తన వంతు చేసేసి ఆయన ఇంటికి వెళ్ళిపోయారు, ఆ తర్వాత జరిగినదంతా మీ దగ్గరే ఉండిపోయింది. అది చెప్పండి. ఆయనకి అంతకంటే పనికొచ్చే కానుక ఏముంటుందో నాకైతే తెలియదు.

ఊరికే అనడం లేదు. చాలా ఏళ్ళ కిందట పోర్చుగల్‌లో, పోర్తోలో, ఒక చవక హాస్టల్లో జ్వరంతో మంచం పట్టాను. పక్కలు మార్చడానికి వచ్చే ఆవిడకి యాభై పైబడి ఉంటాయి, ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. పావుగంటకి థర్మామీటరుతో వచ్చింది. ఇక ఆ రోజంతా పని మధ్యలో రావడం, జ్వరం చూడడం, రిసెప్షన్లో ఊరికే ఇచ్చే సిటీ మ్యాప్ వెనక పెన్సిల్‌తో రాయడం. పదకొండింటికి 38.6 డిగ్రీల సెల్సియస్. రెండింటికి 39.1. నాలుగున్నరకి 39.4, దాని కింద గట్టిగా ఒక గీత. డ్యూటీ అయిపోయినా ఇంటికెళ్ళకుండా టాక్సీ పిలిపించి, నన్ను కూర్చోబెట్టి, ఆ మ్యాప్ నా చేతిలో పెట్టి డాక్టరుకి చూపించమని సైగ చేసింది. అక్కడ డాక్టరు నన్ను ఏదీ అడగకముందే ఆ కాగితం తీసుకుని పై నుంచి కింద దాకా చదివి, ఇది ఎవరు రాశారని అడిగాడు. నర్సు కాదు, గదులు శుభ్రం చేసే మనిషి అని చెబితే ఒక్క క్షణం నా వైపు చూసి మళ్ళీ కాగితం చూశాడు.

నేను ఆ ఊరు వదిలేలోపు ఆవిడ మళ్ళీ కనబడలేదు, సెలవులో ఉందన్నారు. ఇంటికొచ్చాక హాస్టల్‌కి ఉత్తరం రాశాను. ఫలానా తేదీ, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం, ఆ రోజు పగలు డ్యూటీలో ఉన్నావిడకి ఇవ్వండని. కొన్నాళ్ళకి మేనేజర్ జవాబు రాశాడు. వంటగదిలో అందరి ముందూ చదివి వినిపించాడట. ఆవిడ రెండోసారి చదివించుకున్నది థ్యాంక్స్ చెప్పిన పేరా కాదట, కిడ్నీ ఇన్‌ఫెక్షన్ అని తేలింది, యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోయింది అని రాసిన రెండు లైన్లట. వినేసి, నేను ముందే అనుకున్నాను అని అక్కడున్నవాళ్ళందరితోనూ అందట.

ఇంత ఆలస్యంగా రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుందేమో అన్న మొహమాటం మీకొక్కరికే లేదు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో సరిగ్గా దీని మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. కృతజ్ఞత చెబుతూ ఉత్తరాలు రాసినవాళ్ళు, అందుకున్నవాళ్ళకి అది ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఎక్కువగా ఊహించుకున్నారు, వాళ్ళకి ఎంత సంతోషం కలుగుతుందో తక్కువగా అంచనా వేశారు. రాసేవాళ్ళు మాటలు సరిగ్గా కుదిరాయా లేదా అని తలపట్టుకుంటారు, చదివేవాళ్ళు అందులోని ఆప్యాయతే చూస్తారు. కాబట్టి అల్బేనియన్ భాష రాదని ఆగిపోకండి. ఫోన్లో అనువాదం చేయించండి. వాక్యాలు చిన్నవిగా, సామెతలూ చమత్కారాలూ లేకుండా రాస్తే యంత్రం పెద్దగా తప్పులు చేయదు. మీ మాటలు కూడా దాని కిందే ఉంచండి, ఎవరైనా చదువుకున్న పిల్లలుంటే రెండూ చూసి సరిగ్గా చెబుతారు.

ఏం రాయాలంటే, పొగడ్తలు తగ్గించి వివరాలు పెంచండి. "మీరు దేవుడిలా వచ్చారు" అనే వాక్యం ఎవరైనా ఎవరికైనా రాయొచ్చు. మీరు పడుకున్న గదిలో ఏం చూశారు, పొద్దున ఆయన ఎన్నింటికి లేపారు, బస్సు డ్రైవరుతో ఆయన ఏదో చెప్పడం చూసి మీకు ఎంత ధైర్యం వచ్చింది, ఆ బస్సు ఎక్కడికి చేర్చింది, ఆ రాత్రి మీరు ఎక్కడ ఉన్నారు. ఇలాంటివి మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు. ఒక పేజీ దాటకండి.

డబ్బు సంగతి. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారని బాధపడుతున్నారు కానీ మీరు చేసినదాంట్లో తప్పేం లేదు, ఒక్కసారి ఇవ్వబోయి వద్దంటే ఆగిపోయారు, అంతే చేయాలి. ఆ కొండ ప్రాంతాల్లో ఇంటికొచ్చిన అతిథిని చూసుకోవడం ఆ ఇంటి పరువుకి సంబంధించిన విషయం, గుమ్మంలో నోట్లు చేతిలో పెడితే దానికి ధర కట్టినట్టవుతుంది. కానీ ఇదే సూత్రం అన్ని చోట్లా పెట్టుకుంటే కష్టం. ఇరాన్‌లో టాక్సీ డ్రైవరు కూడా మర్యాదకి డబ్బులెందుకు లెండి అంటాడు, నిజమేననుకుని దిగి వెళ్ళిపోతే పాపం అతని ఆ పూట సంపాదన పోతుంది. అక్కడ రెండు మూడు సార్లు బలవంతపెట్టి ఇవ్వాలి, భోజనానికి పిలిచినా రెండు మూడు సార్లు వద్దని, అప్పటికీ పిలిస్తేనే వెళ్ళాలి. జపాన్‌లో టిప్పు ఇస్తే వెనకాలే పరుగెత్తుకొచ్చి మీరు మర్చిపోయారంటూ తిరిగి ఇచ్చేస్తారు. చక్కగా చుట్టిన చిన్న వస్తువు రెండు చేతులతో ఇస్తే సంతోషంగా తీసుకుంటారు. ఖరీదైనది మాత్రం వద్దు. అక్కడ కానుకకి బదులు కానుక ఇచ్చే ఆనవాయితీ ఉంది, సందర్భాన్ని బట్టి దాదాపు సగం విలువైనది తిరిగివ్వాలని లెక్క వేసుకునేవాళ్ళున్నారు, మీ పెద్ద కానుక వాళ్ళ నెత్తిన ఖర్చు అవుతుంది.

పార్శిళ్ళు పంపే ఆలోచన ఉంటే ఇది కూడా గుర్తుంచుకోండి. బయటి దేశం నుంచి వచ్చిన పార్శిల్‌కి సుంకం సాధారణంగా అందుకునేవాళ్ళే కట్టాలి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఒక మనిషి ఇంకో మనిషికి పంపే కానుక విలువ 45 యూరోలు దాటితే పన్ను తగులుకుంటుంది. అల్బేనియా ఆ యూనియన్‌లో లేదు, దాని నిబంధనలు దానివి. ఆయన మీకు సాయం చేసినందుకు ఊరి నుంచి టౌనుకి వెళ్ళి పోస్టాఫీసులో క్యూ కట్టి డబ్బు కట్టడం ఏం బాగుంటుంది చెప్పండి. ఒక ఉత్తరం, ఒకటో రెండో ఫోటోలు ప్రింటు తీసి పంపితే చాలు. ఫోన్లో పంపే ఫోటో ఫోన్లోనే ఉండిపోతుంది, ప్రింటు అయితే ఇంట్లో ఎక్కడో ఒకచోట పెట్టుకుంటారు.

విచిత్రమేమిటంటే కొన్ని దేశాలు ఈ బదులు సంగతిని చట్టంలోనే రాసుకున్నాయి. జపాన్‌లో మీరు పోగొట్టుకున్న వస్తువు ఎవరైనా పోలీసులకి అప్పగిస్తే, వాళ్ళకి దాని విలువలో 5 నుంచి 20 శాతం దాకా బహుమతి ఇవ్వాలి. వస్తువు దొరికినవాళ్ళు ఆ బహుమతి వద్దనుకోవచ్చు, తమ పేరు చెప్పొద్దని కూడా అనొచ్చు. జర్మనీ సివిల్ కోడ్‌లో 500 యూరోల దాకా 5 శాతం, ఆ పైన 3 శాతం అని ఉంది. ఈ లెక్క ఉన్న చోట పని తేలిక, ఇచ్చేస్తే అయిపోయింది. మీకొచ్చిన సాయానికి అలాంటి పట్టిక లేదు, అందుకే మీకీ టెన్షన్.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం చాలామంది ఆలోచించరు, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. థ్యాంక్స్ చెప్పే తొందరలో సాయం చేసినవాళ్ళని ఇరుకున పెట్టొద్దు. మనకి చేసే మేలు చాలాసార్లు ఏదో ఒక నిబంధన దాటి చేసేదే. టికెట్ లేకపోయినా ఎక్కించుకున్న కండక్టరు, మూసేసిన వెయిటింగ్ రూమ్ తలుపు తీసి రాత్రంతా కూర్చోనిచ్చిన గార్డు, డ్యూటీ మధ్యలో బండి పక్కకి తిప్పిన డ్రైవరు. వీళ్ళ పేరూ తేదీ రూటు నంబరూ రాసి కంపెనీకి మెచ్చుకోలు ఉత్తరం పంపితే అది మెమోగా మారొచ్చు. మామూలుగా తన పని తాను మరీ బాగా చేసినవాళ్ళ గురించైతే తప్పకుండా రాయండి, తేదీ, సమయం, రూటు నంబరు ఉంటే పేరు తెలియకపోయినా డిపోవాళ్ళు మనిషిని పట్టుకోగలరు. నిబంధన దాటినవాళ్ళ విషయంలో మాత్రం నేరుగా మనిషికే చెప్పాలి, లేదంటే మీ మనసులో ఉంచుకోవాలి.

ఇంట్లో పడుకోబెట్టుకున్నవాళ్ళ విషయమూ అంతే. చైనాలో విదేశీయులు హోటల్లో కాకుండా ఎవరింట్లోనైనా ఉంటే 24 గంటల్లోగా స్థానిక పోలీసుల దగ్గర నమోదు చేయించాలి, ఆ పని చేయకుండా ఒక రాత్రి ఆశ్రయమిచ్చిన కుటుంబం ఫోటో మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో లొకేషన్‌తో సహా పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. నిబంధనలు లేని చోట కూడా, "ఫలానా ఊళ్ళో ఫలానా పెద్దాయన, చాలా మంచివారు" అని పిన్‌తో సహా పెడితే వచ్చే సీజన్‌కి ఆ గుమ్మం ముందు బ్యాగులేసుకుని మరో పదిమంది నిలబడతారు. "ఈయన్ని ఎవరైనా వెతికి పెట్టండి" అంటూ ఫోటోని వైరల్ చేసే అలవాటు కూడా నాకు నచ్చదు. తన మొహం లక్షల మంది చూడడానికి ఆయన ఒప్పుకోలేదు కదా.

ఇంకో సంగతి, మీరు అడగలేదు, అయినా ఒంటరిగా తిరిగేవాళ్ళందరికీ అవసరం. సాయం అందుకున్నాం కదా అనే మొహమాటంతో కాదనలేక ఇరుక్కునేవాళ్ళు చాలామంది. దారి చూపించాడు, సరే, దానికి థ్యాంక్స్ చెప్పేశారు, అక్కడితో సరి. కాఫీకి వెళ్ళక్కర్లేదు, ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు, అతని కారు రెండోసారి ఎక్కక్కర్లేదు. నేను గమనించినంతలో నిజంగా సాయం చేసేవాళ్ళు మనల్ని నలుగురున్న చోటికి తీసుకెళ్తారు, భార్యకో అక్కకో ఫోన్ చేసి మాట్లాడిస్తారు, పక్క షాపువాళ్ళని పిలుస్తారు. ఇది రాసిపెట్టుకునేంత గ్యారంటీ కాదు కానీ, ఎవరూ లేని చోటికి తీసుకెళ్ళే సాయమైతే ఎంత మర్యాదగా ఉన్నా ఆగి ఆలోచించాలి. మంచివాళ్ళని అనుమానించామేమో అని తర్వాత బాధపడాల్సిన పని కూడా లేదు, నిజంగా మంచివాళ్ళయితే ఒంటరి ఆడపిల్ల జాగ్రత్తని తప్పు పట్టరు.

మీకు దొరికింది కేవలం అదృష్టం అని మాత్రం అనుకోవద్దు. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో 40 దేశాల్లో, 355 నగరాల్లో, 17 వేలకు పైగా పర్సులని "ఎవరిదో దారిలో దొరికింది" అని బ్యాంకుల్లో, హోటళ్ళలో, పోలీస్ స్టేషన్లలో ఇచ్చి, ఎంతమంది యజమానిని సంప్రదిస్తారో చూశారు. డబ్బు లేని పర్సుల విషయంలో 40 శాతం మంది సంప్రదిస్తే, డబ్బున్న పర్సుల విషయంలో 51 శాతం. అందరం దీనికి ఉల్టా అనుకుంటాం, నిపుణులు కూడా అలాగే అనుకున్నారట. దేశానికీ దేశానికీ తేడాలున్నాయి, సగం పర్సులు తిరిగి రాలేదన్నదీ నిజమే. అయినా ఎదుటివాళ్ళ నష్టం పెద్దదయ్యేకొద్దీ మనుషులు మరింత కదులుతారు అన్నది ఒంటరిగా తిరిగేవాళ్ళకి చిన్న ధైర్యమేమీ కాదు.

బదులు తీర్చడానికి మనిషే దొరకనప్పుడు ఏం చేయాలన్నదానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ కెనడాలో జరిగింది. 2001 సెప్టెంబర్ 11న అమెరికా గగనతలం మూసేయడంతో న్యూఫౌండ్‌లాండ్‌లోని గ్యాండర్ అనే ఊళ్ళో 38 ప్రయాణికుల విమానాలు దిగాయి. ఊరి జనాభా దాదాపు 10 వేలు, వచ్చిపడినవాళ్ళు ఇంచుమించు 7 వేలు. అప్పుడు సమ్మెలో ఉన్న స్కూలు బస్సు డ్రైవర్లు సమ్మె పక్కన పెట్టి స్టీరింగులు పట్టుకున్నారు. బడులు, చర్చిలు, ఇళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళు అన్నీ తెరిచేశారు. ప్రయాణికులు డబ్బు ఇవ్వబోతే ఎవరూ తీసుకోలేదు. లూయిస్‌పోర్ట్ అనే పక్క ఊళ్ళో ఉన్న ఒక విమానంవాళ్ళు తిరుగు ప్రయాణంలో, ఇంకా గాల్లో ఉండగానే, ఆ ఊరి పిల్లల పై చదువులకి స్కాలర్‌షిప్ పెడదామని కాగితం తిప్పి ఎవరెంత ఇస్తారో రాసుకున్నారు, అది తర్వాత ఏళ్ళ తరబడి నడిచింది. వద్దన్నవాళ్ళ జేబులో బలవంతంగా కుక్కకుండా, వాళ్ళు కాదనలేని చోట పెట్టారు చూడండి, నాకు నచ్చింది అది.

స్పెయిన్‌లో సాంతియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి వెళ్ళే కాలినడక దారిలో గ్రన్యోన్ అనే చిన్న ఊరి చర్చిలో యాత్రికులు పడుకునే చోట ఒక పెట్టె తెరిచి ఉంటుంది, ఇవ్వగలిగింది వేయండి, కావలసింది తీసుకోండి అని రాసి. అలాంటి చోట్ల ఈ రోజు వేసిన డబ్బుతో రేపు వచ్చేవాళ్ళకి రాత్రి భోజనం వండుతారు. అక్కడ వంటా శుభ్రమూ చూసే వాలంటీర్లు సాధారణంగా రెండేసి వారాలు ఉంటారు, ఒకప్పుడు అదే దారిలో నడిచినవాళ్ళే. మీకు ఆ కోరిక, తీరిక ఉంటే ఇలాంటిదొకటి చూసుకోండి. లేకపోయినా పర్లేదు, మీ ఊరి స్టేషన్లో మ్యాప్ తిప్పుకుంటూ నిలబడ్డ విదేశీయుడి దగ్గరికి మీరే వెళ్ళి అడగండి. అడిగితే చెబుతాంలే అని నిలబడేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. కావాల్సింది ముందే వెళ్ళి అడిగే మనిషి.

ఒకటి మర్చిపోకండి, మనకి సాయం చేసినవాళ్ళలో కొందరు మన లెక్కలోకే రారు. జార్జియా దేశంలో కుతైసీ అనే ఊరి నుంచి కొండల్లోకి వెళ్ళే వ్యాన్లో ఒకసారి నా ఫోన్ చచ్చిపోయింది. పక్కనున్న ఆవిడ నా పుస్తకంలోని అడ్రసు చూసి, జార్జియన్ లిపిలో రాసి డ్రైవరుకి అందించింది, అతను స్టాండులో దించకుండా బురద దారిలో గెస్ట్‌హౌస్ గేటు దాకా పోనిచ్చాడు. అదనంగా ఇవ్వబోతే గుండె మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. వాళ్ళిద్దరూ సరే. ఆ చలిలో, ఆకలి మీద, ఇళ్ళకి చేరాల్సినవాళ్ళు వ్యాన్ నిండా ఉన్నారు, నా మూలంగా అరగంట ఆలస్యమైతే ఒక్కరూ విసుక్కోలేదు. మీ కథలోనూ కూతురు ఆ రాత్రి ఎక్కడ పడుకుందో ఒకసారి ఆలోచించండి, ఉత్తరంలో ఆ అమ్మాయికీ ఒక లైను ఉండాలి.

ఇక పంపడం ఎలాగంటే, మీ ఫోన్లో ఆ రాత్రి లొకేషన్ హిస్టరీ ఉంటే ఊరి పేరు తెలుస్తుంది. మర్నాడు మీరు దిగిన గెస్ట్‌హౌస్‌కి మెసేజ్ పెట్టి జరిగింది చెప్పండి. అలాంటి చోట్ల అటువైపు తిరిగే మినీబస్సు డ్రైవర్లు వాళ్ళకి తెలిసే ఉంటారు, కవరు గెస్ట్‌హౌస్‌కి పంపితే డ్రైవరు చేతికిచ్చి చేరవేయిస్తారా అని అడగండి. ఇల్లు గుర్తుపట్టడానికి ఫోటో అవసరమైతే ఆ గెస్ట్‌హౌస్ వాళ్ళకి మాత్రమే పంపండి. ఉత్తరంలో మీ ఈమెయిలు ఇవ్వండి, కానీ జవాబు రాయమని అడగొద్దు, రాయడం అలవాటు లేని పెద్దవాళ్ళకి అదొక పని అవుతుంది. అందిందో లేదో తెలుసుకోవాలనిపిస్తే కొన్ని వారాలయ్యాక గెస్ట్‌హౌస్ వాళ్ళనే అడగండి.